మేడమ్‌కు రోజూ ఉత్తరం రాసేవాడు

అసూయకు కారణం అక్కర్లేదంటారు. అది ఉత్త మాట. దేవరాజులు అసూయకు కారణం ఉంది. అది ఆయన ఇంట్లోనే, హాల్లో టెలిఫోను బల్ల మీద, ఎర్ర దీపాలు మిణుక్కుమనిపిస్తూ కూర్చుని ఉంది. దాని పేరు మోడెమ్. పొద్దున కాఫీ వేళకు ఆయన భార్య పుష్పవల్లి కంప్యూటరు ముందు కూర్చోగానే, అది గోడమీద రెండు పిల్లులు కాట్లాడుకున్నట్టు అరిచి, ఆ తర్వాత గంటసేపు ఇంటి ఫోనును మింగి కూర్చునేది. పురసవాక్కంలో ఉండే దేవరాజులు చెల్లెలు మంగళ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫోను ఎంగేజే.

"ఏంది అన్నా, వదిన అంతసేపు ఎవురితో మాట్లాడతా ఉండాది?" అని ఆమె ఒకసారి ఊరికే అడిగింది. ఊరికే అడిగిన మాటలే కడుపులో పడి నానుతాయి.

కంప్యూటరుతో అని చెప్పాడు దేవరాజులు. అది పూర్తి నిజం కాదని ఆయనకు తెలుసు.

మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఒకే కరెస్పాండెన్సు కోర్సుల సంస్థలో పనిచేసేవారు. ఇద్దరిదీ ఒకే పాఠం: బీకాం వాళ్ళకు స్టాటిస్టిక్స్. ఆయన సీనియరు. పెళ్ళయిన కొత్తలో, మైలాపూరులో ఇదే ఇంట్లో, వంటింటి గడప మీద కూర్చోబెట్టి ఆమెకు ఆ లెక్కలు నేర్పింది కూడా ఆయనే. ఈ సంగతి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ముఖ్యంగా ఆమె కాఫీ తెచ్చి ఇస్తున్నప్పుడు చెప్పేవాడు.

దూరాన ఉండి చదువుకునేవాళ్ళు పోస్టులో జవాబు కాగితాలు పంపితే, దిద్ది తిప్పి పంపడం ఆయన పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎర్ర సిరాతో మార్జిన్ నిండా రాసేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ సిరా తగ్గింది, మార్జిన్ పెరిగింది. చివరికి "పాఠం మళ్ళీ చదవండి" అన్న ఒక్క ముక్క మిగిలింది. చెయ్యి నొప్పి పుడుతోందని దాన్ని కూడా రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. ఆదివారం జరిగే క్లాసులకు మాత్రం గంజి పెట్టిన చొక్కాతో వెళ్ళేవాడు, లేచి నిలబడిన పిల్లల నమస్కారాలన్నీ తీసుకునేవాడు.

ఊరి పేరు చెన్నై అయిన రెండుమూడేళ్ళకు, డైరెక్టరు దొరస్వామికి ఢిల్లీ నుంచి ఒక పరిశోధన దొరికింది. డిగ్రీ చదువును పోస్టులో కాకుండా ఇంటర్‌నెట్‌లో చెప్పొచ్చా, చెప్తే బుర్రకెక్కుతుందా అన్నది తేల్చాలి. స్టాటిస్టిక్స్ పిల్లల పేర్లు చీటీలు వేసి తీశారు. సగం మందికి పాత పద్ధతిలో పోస్టు, సగం మందికి కంప్యూటరు. కంప్యూటరు వాళ్ళకు తలా ఒక పాసు ఇచ్చారు. వాళ్ళ పేటలో ఉన్న బ్రౌజింగ్ సెంటరుకు పోయి పాఠం చదువుకోవచ్చు, సందేహం వస్తే ఈమెయిల్ రాయొచ్చు. పాసు ఎవరిది వాళ్ళే వాడాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు. చివర అందరికీ ఒకటే పరీక్ష. కంప్యూటరు వాళ్ళు గెలిస్తే ఈ పద్ధతి నిలుస్తుంది, దాన్ని నడిపేవాళ్ళకు సొంతంగా ఒక విభాగం వస్తుంది. ఓడితే మోడెములూ మిషన్లూ అట్టపెట్టెల్లోకి పోతాయి.

ఆ కంప్యూటరు సగం తనకే ఇస్తారని దేవరాజులు నమ్మకంగా ఉన్నాడు. దొరస్వామి పుష్పవల్లికి ఇచ్చాడు. సాయంత్రాలు క్లాసుకు పోయి ఆమె ఆ విద్య నేర్చుకుంది మరి. "మీకు పోస్టు అలవాటే కదా," అన్నాడు దొరస్వామి, పుండు మీద కారం చల్లుతున్నానని తెలియకుండానే.

నేర్పిస్తానని పుష్పవల్లి అంది. "నాకు మౌసు పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కతాయి," అన్నాడు దేవరాజులు. ఆయన మౌసును అప్పటికి ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

అప్పుడు వచ్చాడు జెబరాజ్. వచ్చాడంటే మనిషి రాలేదు, ఉత్తరాలు వచ్చాయి. రోజూ వచ్చాయి.

"ఈ జెబరాజు ఉండాడే, రొంబ చురుకు," అంది పుష్పవల్లి ఒక పొద్దున, తెర మీంచి కళ్ళు తీయకుండా. "ఒకే దినంలో మూడు ప్రశ్నలు అడగతాడు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. ఈ మనిషికి తలకాయ ఒకటేనా అని అనుమానం వస్తాది నాకు."

"పనీ పాటా లేనోడు అయ్యుంటాడు."

"ఐస్ ఫ్యాక్టరీలో గుమాస్తా అంట. రాయపురంలో."

"అది నువ్వు అడిగినావా, వాడే చెప్పినాడా?"

"వాడే చెప్పినాడు."

"స్టాటిస్టిక్స్‌లో ఐస్ ఫ్యాక్టరీ ఏడినుంచి వచ్చింది?"

"ఉదాహరణకు వచ్చింది. మీరు కాఫీ తాగండి, ఆరిపోతా ఉండాది."

ఉదాహరణకు! దేవరాజులు కాఫీ తాగాడు గానీ ఆ మాట గొంతు దిగలేదు. ఆ రోజునుంచి ఆయనకు కడుపుమంట పట్టుకుంది. ఆమె తెర చూడటానికి కొత్తగా వేయించుకున్న కళ్ళద్దాలంటే మంట. జవాబు రాస్తూ ఆమె తనలో తాను నవ్వుకుంటే మంట. పేపరు వెతుకుతున్నట్టు వెనకాల తచ్చాడుతూ చదివితే, ఉత్తరం పైన "డియర్ మేడమ్" అని ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో తనను "రెస్పెక్టెడ్ సర్" అనని వాడు లేడు, "డియర్" అన్న వాడూ లేడు. ఇంకోసారి తచ్చాడితే, "మీ జవాబు రాని రోజు రోజులాగే ఉండదు మేడమ్" అని కనబడింది. పేపరు చేతిలోనే ఉన్నా దాన్ని ఇంకో పావుగంట వెతికాడు.

పాతికేళ్ళవాడు అనుకున్నాడు. ఉంగరాల జుట్టు కూడా ఉంటుందనుకున్నాడు. అనుకునేవాడికి అడ్డేముంది? ఇంకో నాలుగు రోజుల్లో వాడికి మోటారు సైకిలు కూడా కొనిపెట్టాడు.

మార్చిలో పరీక్ష అయింది. పోస్టు వాళ్ళు గెలిచారు. గొప్ప తేడా కాదు గానీ గెలుపు గెలుపే. పోస్టు సగంలో పైన నిలిచిన పేర్లు చిన్నతంబి, చిన్నపొన్ను, అరుముగం. ముగ్గురూ తనవాళ్ళే. దేవరాజులు మైసూరుపాకు కొని ఆఫీసంతా పంచిపెట్టి, మిగిలింది ఇంటికి తెచ్చాడు.

"ఏం లేదు పుష్పా. మిషను మిషనే, మాస్టరు మాస్టరే," అన్నాడు పొట్లం విప్పుతూ.

పుష్పవల్లి ఒక ముక్క తీసుకుంది. తినలేదు. కాసేపటికి ఒక గుడ్డ తెచ్చి మోడెమ్‌ను తుడిచి, దాని అట్టపెట్టె ఎక్కడుందా అని అటకమీద వెతికింది. అది చూస్తే దేవరాజులుకు జాలి వేయాల్సింది. వేయలేదు. హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున పిల్లులు మళ్ళీ కాట్లాడుకున్నాయి.

"పరీక్ష అయిపోయింది కదా, ఇంకేమి?" అన్నాడు మంచం మీంచే.

"జెబరాజు రాసినాడు. పాపం, నేను ఓడిపోయినానని బాధపడతా ఉండాడు."

"నువ్వు ఓడిపోయినావని వాడికి ఎవురు చెప్పినారు?"

"నేనే."

కట్టుకున్న మొగుడి ముందు ఒక్క కన్నీటిబొట్టు రాల్చని మనిషి, ముఖం తెలియని గుమాస్తాకు తన ఓటమి చెప్పుకుంది. అన్నిటికంటే లోతుగా గుచ్చుకుంది ఇదే. వాడెవడో, ఎలా ఉంటాడో కళ్ళారా చూడకపోతే అన్నం సహించేటట్టు లేదు. దేవరాజులు ఆఫీసు రిజిస్టరులో అడ్రసు చూసుకున్నాడు. ఆదివారం మీసానికి రంగు వేసుకుని, గంజి చొక్కా తొడుక్కుని, "మంగళా వాళ్ళింటికి పోయొస్తాను," అని బయటపడ్డాడు.

మైలాపూరులో రైలెక్కి బీచి స్టేషనులో దిగి, అక్కణ్ణుంచి బస్సులో రాయపురం చేరేసరికి గంజి కాస్తా దిగిపోయింది. గాలినిండా చేపల వాసన. దారి పొడుగునా అనాల్సిన మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. 'మేడమ్‌కు పని ఎక్కువ, ఊరికే రాయగూడదు' అని మొదలుపెట్టి, 'కుటుంబ స్త్రీ' దగ్గరికి రావాలి. సందులో ఇల్లు కనుక్కుని తలుపు తట్టాడు. పావడా వేసుకున్న పిల్ల తొంగిచూసి, లోపలికి కేకేసింది.

"నాయనా, ఎవురో సార్ వచ్చుండాడు!"

లోపల్నుంచి లేచి వచ్చిన మనిషికి బట్టతల. మిగిలిన నాలుగు వెంట్రుకలూ నెరిసిపోయాయి. లుంగీ, బనీను, కాలు విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. వయసు దేవరాజులుకంటే ఒకటి రెండేళ్ళు ఎక్కువే గానీ తక్కువ కాదు.

"జెబరాజు?"

"నేనే సార్."

కూర్చుకొచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. దేవరాజులుకు ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది. నవ్వు కూడా వచ్చింది. ఇంతలో జెబరాజ్ భుజం మీదుగా లోపలికి చూశాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

చాపమీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందులో చిన్నతంబి ఉన్నాడు. ఒళ్ళో పసిపిల్లతో చిన్నపొన్ను ఉంది. గోడకు ఆనుకుని అరుముగం ఉన్నాడు. ముగ్గురూ ఆదివారం క్లాసుల్లో తనకు నమస్కారం పెట్టే ముఖాలే, మొన్న తాను మైసూరుపాకు పంచింది వాళ్ళ పేరుమీదే. ఆయన్ను చూసి అందరూ ఒక్కసారిగా లేచారు. వాళ్ళ మధ్య చాపంతా జిరాక్సు కాగితాలు.

"మీరు ఈడ ఏం చేస్తా ఉండారు?" అన్నాడు దేవరాజులు.

ఆయన వంగి ఒక కాగితం తీశాడు. "ఎండాకాలంలో ఐసు అమ్మకం పెరుగుతుంది, కరెంటు కోతా పెరుగుతుంది. ఐసు అమ్మినందువల్లే కరెంటు పోయిందంటామా?" అని మొదలై, పేజీ నిండా ఓపికగా, మెట్టుమెట్టుగా సాగింది జవాబు. చదువుతుంటే పుష్పవల్లి గొంతు వినబడింది. ఉదాహరణకు వచ్చిన ఐస్ ఫ్యాక్టరీ ఇదేనన్నమాట.

"తప్పు నాదే సార్," అన్నాడు జెబరాజ్. "అందరమూ ఒకే వీధి, ఒకే దినం బీకాంలో చేరినాం. చీటీలో కంప్యూటరు నాకొక్కడికే పడింది. వీళ్ళ ప్రశ్నలు కూడా నా పేరుమీదే మేడమ్‌కు రాసినాను. రోజుకు ముగ్గురి వంతు. జవాబు వస్తే జిరాక్సు తీసుకోని, అందరమూ కూర్చోని చదువుకుంటాం. పరీక్ష అయినా ఈ అలవాటు పోలే."

"మీకు పోస్టులో నా దగ్గరినుంచి కాగితాలు వస్తా ఉండాయి కదా?" దేవరాజులు చిన్నతంబి వైపు తిరిగాడు.

"వస్తాయి సార్. వచ్చేసరికి నెల అవతాది. వచ్చినా..." చిన్నతంబి నసిగాడు.

"ముద్ర ఉంటాది సార్," అంది చిన్నపొన్ను. ఆ పిల్ల వెటకారంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. "మళ్ళా చదవండి అని. మళ్ళా చదివినాం సార్. మళ్ళా తెలియలే. అందుకని అన్నను అడిగినాం."

"ఈ కాగితాలు మీ దగ్గరేనా, ఇంకెవురికన్నా పోతాయా?"

"కాశిమేడుకు పోతాయి సార్. తండయారుపేట పిల్లకాయలు కూడా తీసుకోని పోతారు," అన్నాడు అరుముగం, దాచిపెట్టడం చేతకాక.

దేవరాజులు చాపమీద కూర్చున్నాడు. తను గెలిచానని ఊరంతా చాటుకున్న మార్కులు ఈ చాపమీద పుట్టాయి. తన సగాన్ని పైకి లాగింది తన భార్య. ఆమె చేతిలో తన పిల్లలు చదువుకుని, తన పేరుమీద ఆమెను ఓడించారు. జెబరాజ్ కూతురు ఎదురు కొట్టుకు పరుగెత్తి చల్లటి కలరు సోడా సీసా తెచ్చి ఇచ్చింది.

"మేడమ్‌కు చెప్పొద్దు సార్," అన్నాడు జెబరాజ్. "ఆయమ్మకు మామీద నమ్మకం పోతాది. పాసు ఎవురికీ ఇయ్యగూడదని ముందే చెప్పింది." కాస్త ఆగి, సిగ్గుపడుతూ అడిగాడు: "మేం మేడమ్‌ను చూసిందే లేదు సార్. మీరు ఒకే ఆఫీసు కదా. ఎట్లుంటారు?"

"నేను కూడా సరిగా చూళ్ళేదబ్బా," అన్నాడు దేవరాజులు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియలేదు.

తిరుగు రైల్లో ఆయన కడుపుమంట తగ్గిందనుకునేరు. ఇంకా పెరిగింది. ఇంతకుముందు అది ఊహలోని ఉంగరాల జుట్టు మీద. ఇప్పుడు సూటిగా ఆమె మీద. మోటారు సైకిలు కుర్రాడైతే తిట్టుకోవచ్చు. తన పిల్లల్ని తనకు తెలియకుండా, ఆమెకూ తెలియకుండా గెలుచుకున్న మనిషిని ఏమని తిట్టుకుంటాడు? చెప్పకపోతే సరి అనుకున్నాడు. ఈ సంగతి రాయపురం వాళ్ళకు తప్ప ఎవరికి తెలుసు, వాళ్ళు పెదవి విప్పరు. మోడెమ్ పెట్టెలోకి పోతుంది, ఫోను ఇంటికి తిరిగొస్తుంది, తన సింహాసనం తనకుంటుంది.

ఇంట్లో అడుగు పెట్టగానే పుష్పవల్లి అడిగింది.

"ఏడికి పోయినారు?"

"చెప్పినాను కదా, మంగళా వాళ్ళింటికి."

"మంగళ ఇప్పుడే ఫోను చేసింది. అన్న ఎట్లుండాడు, చూసి నెలవతా ఉండాది అనింది."

ఇన్నాళ్ళూ ఎంగేజుగా ఉండి చంపిన ఫోను ఆ పూట ఖాళీగా ఉండి చంపింది. దేవరాజులు తలొంచుకుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. పుష్పవల్లి మరి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని వారమంతా అనిపించింది.

ఆ వారం చివర మీటింగు. దొరస్వామి గదిలో పొడుగుబల్ల చుట్టూ యూనివర్సిటీ పెద్దలు కూర్చున్నారు. పుష్పవల్లి అట్టపెట్టెలో సర్దిన మోడెమ్‌ను అప్పగించడానికని తెచ్చి తన ముందు పెట్టుకుంది. దొరస్వామి ఇంట్లో తెలుగు మనిషే గానీ ఆఫీసులో ఇంగ్లీషు వదలడు. ఇంగ్లీషులోనే ఫలితాలు చదివాడు. పోస్టు పద్ధతి మెరుగని తేలింది కనుక కంప్యూటరు పద్ధతిని ఆపేద్దామన్నాడు. అందరూ తలలూపారు.

"దేవరాజులుగారు పోస్టులోనే ఇంత బాగా ఎలా చెప్పగలిగారో రిపోర్టులో రాయాలి. మీ పద్ధతి కాస్త వివరించండి," అన్నాడు.

దేవరాజులు కుడితిలో పడ్డ ఎలుక అయ్యాడు. పద్ధతి ఏముంది? రబ్బరు స్టాంపు ఉంది. ముందున్న గ్లాసెడు మంచినీళ్ళూ తాగాడు.

ఆయన ఇబ్బంది చూసి పుష్పవల్లి అందుకుంది. ఓడిపోయిన మనిషి గొంతులా లేదది, మామూలుగానే ఉంది. "పద్ధతి అని చెప్పుకోవడం ఆయనకు రాదు సార్. ఆయన కూర్చోని చెప్తే ఎవరికైనా వస్తుంది. నాకు నేర్పింది ఆయనే."

వచ్చినవాళ్ళందరికీ తాను చెప్పుకునే మాట అది. ఆమె నోట ఇన్నేళ్ళలో ఒక్కసారీ వినలేదు. విన్న రోజు ఇలా ఉంటుందని అనుకోలేదు. వంటింటి గడప మీద కూర్చుని లెక్క తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లా, ఆ పిల్లకు ఒకే సంగతి నాలుగు రకాలుగా చెప్పిన కుర్రాడూ గుర్తొచ్చారు. ఆ కుర్రాడి దగ్గర స్టాంపు లేదు. ఇప్పుడు ఆయన అసూయపడింది ఆ కుర్రాడి మీద.

"ఆ మార్కులు నావి కావు సార్," అన్నాడు దేవరాజులు.

ఒక్కసారి మొదలుపెట్టాక ఆగలేదు. రాయపురం, చాప, జిరాక్సులు, కాశిమేడు, తండయారుపేట, ముద్ర అన్నీ చెప్పేశాడు. రోజూ ఉత్తరం రాసిన జెబరాజ్ ఒక్కడు కాదని, ఆ పేరు వెనకాల సగానికి సగం పోస్టు పిల్లలున్నారని చెప్పాడు. ఆ పిల్లలను ఏమీ అనొద్దని కూడా బతిమాలాడు. పుష్పవల్లి పెట్టె మీద చేతులు పెట్టుకుని కదలకుండా వింది.

దొరస్వామి కాగితాలు బల్లమీద పడేశాడు. "అయితే ఈ పోలిక చెల్లదు. రెండు సగాలూ కలిసిపోయాయి. మళ్ళీ ఏడాది మొదటినుంచీ చేయాల్సిందే." పెద్దలు గుసగుసలాడి సరేనన్నారు. ఆపే సంగతి వాయిదా పడింది, మోడెమ్ ఇంకో ఏడాది బతికింది.

అంతటితో అయిపోతే ఎంత బాగుండు! కానీ దొరస్వామికి ఒక సంగతి పొంతన కుదరలేదు. కళ్ళద్దాలు తీసి, ఇంగ్లీషు కూడా పక్కన పెట్టాడు.

"అది సరే దేవరాజులూ. ఆ జెబరాజు మీ గ్రూపు కాదు కదా. ఆదివారం పూట పనిగట్టుకోని మీరు రాయపురం దేనికి పోయినారు?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. మంగళ ఇల్లు అడ్డం పెట్టుకోవడానికి లేదు, అది అప్పుడే పట్టుబడింది. దేవరాజులు చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళాం వైపు చూడకుండా, బల్ల మీది అట్టపెట్టె వైపు చూస్తూ చెప్పాడు.

"నా పెండ్లానికి దినమూ జాబు రాసేది ఎవుడో చూద్దామని పోయినాను సార్."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. దొరస్వామి గబుక్కున కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పుష్పవల్లి మాత్రం నవ్వలేదు. మొగుణ్ణి తిరిగి చూసింది. అంతమంది మధ్య, ఇంట్లో అడిగినట్టే మెల్లగా అడిగింది.

"చూసినారు కదా. ఎవురు?"

"వాడు కాదు పుష్పా," అన్నాడు దేవరాజులు. "రాసింది నా పిల్లకాయలు."